నాలుగు నెలల కుక్కపిల్ల తాడు లాగేస్తోంది, ఎలా మాన్పించాలి?

ప్రశ్న: లాబ్రడార్ పిల్లండీ. గేటు దాటగానే ఒకటే లాగుడు, లేదంటే తాడు కొరుకుతుంది. మెడకు కట్టే కాలర్ మంచిదా, ఛాతీకి తొడిగే పట్టీ (హార్నెస్) మంచిదా?

జవాబు 1: హార్నెస్సే. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్నది తీసుకోండి. లాగితే ఒళ్లు పక్కకు తిరుగుతుంది, గొంతు నొక్కుకోదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. తాడు రెండు మీటర్ల లోపు చాలు. సాగే రీలు తాడు వద్దే వద్దు, లాగితే ఇంకాస్త వస్తుందని అదే నేర్పిస్తుంది.

జవాబు 2: మొదటి వారం ఇంట్లోనే, పూటకు 5 నిమిషాలు. పక్కన నడిచినప్పుడు బఠాణీ గింజంత తాయిలం మీ మోకాలి దగ్గరే పెట్టండి. చెయ్యి ముందుకు చాచి ఇస్తే ముందుకే ఉరుకుతుంది (చాలామంది చేసే తప్పు ఇదే). తాడు బిగిసిందా, ఆగిపోండి. వదులైన క్షణంలోనే కదలండి. మొదట్లో పది అడుగులకు పదిసార్లు ఆగాల్సి రావచ్చు. ఇంట్లో ఒకరు ఆగి, మరొకరు లాగనిస్తే మాత్రం పని జరగదు.

జవాబు 3: కొరికేటప్పుడు తాడు గుంజకండి, ఆటనుకుంటుంది. కదలకుండా నిలబడి, వదిలాక కూర్చోమని చెప్పి తాయిలం ఇవ్వండి. నడక చివర్లోనే కొరుకుతుంటే అలసిపోయిందని అర్థం, దూరం తగ్గించండి.