ఎకరం స్థలంలో ఆవులు, మేకలు, కోళ్లు ఉన్నాయి, ఇంకో నాలుగు పందులు పెట్టుకోవచ్చా?

టమాటా_తోట:
అందరికీ నమస్తే. మాది మదనపల్లి దగ్గర పల్లె, ఇంటి చుట్టూ ఎకరం స్థలం ఉంది, రెండు జెర్సీ ఆవులు, ఏడెనిమిది మేకలు, కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి, అమ్మ నేను చూసుకుంటాం. మా దగ్గర టమాటా రేటు పడిపోతే రోడ్డు పక్కన గుట్టలు గుట్టలుగా పారబోస్తారు కదా, అది చూసినప్పుడల్లా ఇదంతా పందులకి పెడితే ఎంత బాగుంటాదో అనిపిస్తాది. దానికి తోడు టౌన్లో ఫ్రెండుకి హోటల్ ఉంది, మిగిలిన అన్నం సాంబారు రోజూ పట్టకపో అంటున్నాడు, ఫ్రీగానే. యూట్యూబ్‌లో చూస్తే ఒక ఆడపందిని పెట్టు ఏడాదికి ఇరవై పిల్లలు, లక్షల్లో ఆదాయం అంటున్నారు. నిజమేనా? సబ్సిడీ వస్తాదా? మిగతా జీవాలకి ఏమన్నా ఇబ్బందా? మా నాన్న అయితే వాసన అని ససేమిరా అంటున్నాడు, పక్కింటోళ్ల సంగతి ఇంకా అడగలే. తెలిసినోళ్లు చెప్పండి.

మేకలమంద:
బ్రో మేకలే ఇంకో పది పెంచుకో, అమ్మాలంటే ఇంటికే వచ్చి పట్టకపోతారు. పందుల గోల నీకెందుకు.

దొడ్డి_పెద్దాయన:
మేకలకి మేత యాడుందన్నా ఎకరంలో, ఆవులు పోను? అది కూడా చెప్పు మరి.

తమ్ముడూ, మాది ఎరుకల కుటుంబం, మా తాత ముత్తాతల నుంచి పందులే. ముందు ఆ ఆడపంది ఆలోచన పక్కన పెట్టు. చూడి మూడు నెలల ఇరవై రోజులు దాటి మోస్తాది, 114 రోజులని డాక్టర్లు చెప్తారు, కాబట్టి ఏడాదికి రెండు ఈతలు, ఇరవై పిల్లలు పుట్టడం వరకు అబద్ధం కాదు. బతికించడమే పని. ఈనే రాత్రి పక్కనే కూచోవాల. తల్లి వాలేటప్పుడు వెనకాల పిల్ల ఉందో లేదో చూసుకోదు, గోడకేసి నొక్కేస్తాది, అందుకే మేము ఈనే గదిలో గోడ పొడుగునా నేలకి జానెడు ఎత్తులో, గోడకి జానెడు ఎడంగా ఇనప పైపు బిగిస్తాం, తల్లి వాలితే పిల్లలు ఆ సందులోకి దూరిపోతాయి. సిమెంట్ గచ్చు మీద పుట్టిన పిల్లలకి మూడో రోజో నాలుగో రోజో ఐరన్ ఇంజెక్షన్ పడాల, తల్లిపాలలో ఇనుము సరిపోదు, మట్టిలో తిరిగేవాటికి మట్టిలోంచి కొంత వస్తాది, గచ్చు మీదవి తెల్లగా పాలిపోయి చస్తాయి. ఇవన్నీ మొదటిసారే నెత్తినేసుకోవద్దు.

పాలు మరిచిన రెండు నెలల పిల్లలు నాలుగు తెచ్చుకో. ఒకే ఈతవైతే మంచిది, కొట్టుకోవు. మగవైతే విత్తులు తీయించినవే తీసుకో, తీయనిది పెద్దదైతే కూర కంపు కొడతాదని కొనేవాడు రేటు కోస్తాడు. జాతి అంటావా, పెద్ద తెల్ల యార్క్‌షైర్ బాగా పెరుగుతాది కానీ మన ఎండకి నాటు రక్తం కొంచెం ఉంటేనే తట్టుకుంటాది. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన టి-17 అట్లాంటిదే, ముప్పావు యార్క్‌షైర్ పావు నాటు. నీకు దగ్గరే కదా, పోయి అడిగి చూడు.

పశువుల_డ్యూటీ:
పెద్దాయన చెప్పింది కరెక్ట్. నేను హోటల్ అన్నం గురించే చెప్తాను, ఎందుకంటే కేసులు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. ఆ డ్రమ్ములో పంది మాంసం ముక్క ఉందో లేదో మీ ఫ్రెండుకి కూడా తెలీదు, ఉంటే ఆ ముక్కలోంచే జబ్బు మీ పందులకి వస్తుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బు మన దేశంలో 2020లో మొదట అస్సాం, అరుణాచల్‌లో బయటపడి తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది, దానికి మందు లేదు, మన రైతుకి దొరికే టీకా కూడా లేదు, వస్తే దొడ్డి దాదాపు ఖాళీ. మనుషులకి, ఆవులకి, మేకలకి అంటదు, అది వేరే సంగతి. కాబట్టి తెచ్చింది ఏదైనా సరే పెద్ద గుండిగలో పోసి కుతకుతా ఉడుకు వచ్చాక కూడా అరగంట మంట మీదే ఉంచాలి, వేడిచేస్తే సరిపోదు. ఉడికించక ముందు కలిపిన తెడ్డు ఉడికించినదానిలో మళ్ళీ పెట్టొద్దు, ఈ తప్పు చాలామంది చేస్తారు. ఇంకోటి, సాంబారు పచ్చళ్ళ ఉప్పు. ఉప్పు మేత తిని తాగడానికి నీళ్ళు లేకపోతే పంది తల గోడకి ఆనించి నిలబడి, గుండ్రంగా తిరిగి, ఫిట్స్ వచ్చి పడిపోతుంది. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

మామూలు స్వైన్ ఫీవర్ వేరు, దానికి టీకా ఉంది, రెండు మూడు నెలల వయసులో వేయించి ఏటా రిపీట్ చేయాలి. గాలికుంటు మాత్రం ఆవులకీ మేకలకీ పందులకీ అన్నిటికీ వస్తుంది, పందికి వస్తే గాలిలోకి వైరస్ చాలా వదులుతుంది, అందుకని మీ ఆవులకి టీకా తప్పించొద్దు. కొత్త పిల్లల్ని తేగానే కలపకుండా మూడు నాలుగు వారాలు దూరంగా పెట్టండి. షెడ్డు దగ్గర నీళ్ళు నిలవనివ్వకండి, మెదడువాపు వైరస్ పందుల్లో పెరిగి దోమల ద్వారా మనుషులకి వస్తుంది. ఊళ్ళో బయట తిరిగే పందుల్లాగా వదిలేయడం అసలు వద్దు, బద్దెపురుగు మనుషుల నుంచి పందులకి, పందుల నుంచి మళ్ళీ మనుషులకి తిరిగే చక్రం అక్కడే మొదలవుతుంది.

లెక్కల_రైతు:
టమాటా మీద ఆశ పెట్టుకోకండి సార్, అందులో వందకి తొంభైపైన నీళ్ళే. పొట్ట నిండుతుంది, ఒళ్ళు రాదు. పండినవి కొన్ని వేయండి, పచ్చికాయలు ఆకులు వద్దు. తవుడు, నూకలు, వేరుశనగ చెక్క, మినరల్ మిక్స్చర్ ఇవి లేకుండా పంది పెరగదు. ఒక కిలో బరువు పెరగడానికి మూడున్నర కిలోల దాణా అనుకుందాం, పది కిలోల పిల్లని తొంభై కిలోలకి తేవాలంటే 280 కిలోలు. కిలో 30 వేసుకుంటే 8,400, దానికి పిల్ల రేటు, టీకాలు, కట్టెలు కలపండి. హోటల్ అన్నంతో ఇందులో ఎంత తగ్గుతుందో అదే మీ లాభం, వేరే ఏం లేదు. అన్నిటికన్నా ముందు కొనేవాడిని వెతకండి. మీ చుట్టుపక్కల ఎవరు కోస్తారు, లైవ్ కిలో ఎంతకి తీసుకుంటారు, ఎన్ని కిలోలు దాటితే కొవ్వు ఎక్కువని రేటు తగ్గిస్తారు. ఇది తెలీకుండా షెడ్డు కట్టొద్దు.

సబ్సిడీ అంటారా, నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో ఖర్చులో సగం ఇస్తారు కానీ 50 ఆడవి 5 మగవి నుంచే మొదలు. నాలుగు పందులకి అందులో రాదు.

టమాటా_తోట:
థాంక్స్ అందరికీ, చాలా క్లియర్ అయ్యింది. ఆడపంది ఐడియా డ్రాప్. నాలుగు పిల్లలకి షెడ్డు ఎంత కావాల, యాడ కట్టాల? నాన్నని ఒప్పించాలి కదా, వాసన తగ్గించే దారి ఏమన్నా చెప్పండి.

దొడ్డి_పెద్దాయన:
మన పక్క వానాకాలమంతా పడమటి గాలి కదా, ఇంటికి తూర్పు మూలన కట్టు, పక్కింటోళ్లు ఆ తట్టు లేకుంటేనే సుమా. పది అడుగులకి పది పాక, దానికి ఆనుకొని అంతే ఎండ పడే ఖాళీ చోటు, నాలుగింటికి బాగా సరిపోతాది. గచ్చు నున్నగా తీయొద్దు జారి కాళ్ళు విరుగుతాయి, గరుకుగా, ఒక పక్కకి వాలుగా పోసి చివర గుంత తీయి. పంది శుభ్రమైన జీవం తమ్ముడూ, పడుకునే చోట పేడ వేయదు, ఒకే మూలన వేస్తాది, మొదటి రోజు ఆ మూలన నీళ్ళు చల్లి కాస్త తడిగా పెట్టు, అక్కడే అలవాటు చేసుకుంటాది. రోజూ పొద్దున ఆ మూల ఎత్తేసి కడుగు, ఆ నీళ్ళు అరటికి కొబ్బరికి మళ్ళించు. ఎండాకాలం దానికి చెమట పట్టదు, మధ్యాహ్నం రెండు మూడు సార్లు పైపుతో తడపాల లేకుంటే ఎగపోసి పడిపోతాది, అందుకే నేనైతే వానలు మొదలయ్యాకనే పిల్లల్ని తెచ్చుకో అంటాను. మీ నాన్నని ఎవరిదైనా బాగా కడిగి పెట్టుకున్న షెడ్డుకి ఒకసారి పిలుచుకపో, మేము ఎంత చెప్పినా ఇంటర్నెట్‌లో వాసన తెలీదు కదా.