మగుడ నుడుగఁడా, మగఁడు నుడువఁడా?

ప్రశ్న (డెట్రాయిట్ శివారు నుంచి):

సభ్యులందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ రన్నింగ్ బ్యాక్‌లలో, అంటే బంతి అందుకుని పరుగెత్తే ఆటగాళ్లలో, మేటి ఎవరన్న విషయం మీద మా తెలుగు సంఘం సంచికకు ఒక వ్యాసం రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా మిషిగన్‌లో ఉంటున్నదానిని కనుక నా తీర్పు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు. డెట్రాయిట్ లయన్స్ జట్టు తరఫున 1989 నుంచి 1998 దాకా ఆడిన బారీ సాండర్స్ పాత ఆటలను చూసినప్పుడల్లా ఒక కందపద్యం నోట్లో మెదులుతుంది. ఆయన బంతి అందుకుని వడిగా నాలుగు అడుగులు వేస్తాడు, ఎదుట సందు మూసుకుపోతే ఉన్నచోటనే నిలిచిపోతాడు, ఇక దొరికిపోయాడని మనం అనుకునే క్షణంలో మరో దిక్కుగా అడుగు వేస్తాడు. "నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్" అన్న చివరి పాదం బాగానే గుర్తున్నది గానీ, రెండో పాదంలో ఉన్నది 'మగుడ'నో 'మగడు'నో ఎంత ఆలోచించినా తేలడం లేదు. వ్యాసానికి తలమానికంగా ఆ పద్యాన్నే పెట్టదలచుకున్నాను కాబట్టి సరైన పాఠం చెప్పగలరు. రెండో సందేహం చిన్నది: రన్నింగ్ బ్యాక్‌ను తెలుగులో ఏమనాలి?

కందాభిమాని:

గజేంద్రమోక్షం మరిచిపోయేంత దూరం వెళ్లారా అమ్మా! నాకు మా తాతగారు చెప్పిన పాఠం ఇది:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దన మగఁడు నుడువఁ డని నడ యుడుగున్
వెడవెడ చిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

ఎక్కడికి వెళ్తున్నాడో భర్తను అడుగుదామని లక్ష్మీదేవి వేగంగా ముందుకు పోతుంది. అడిగినా తన మగడు చెప్పడని నడక ఆపుతుంది. ఇందులో సందేహానికి చోటే లేదు.

తెనాలి మాస్టారు:

కందాభిమాని గారి తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, సందేహానికి కావలసినంత చోటు ఉన్నది. "అడిగినఁ దను మగుడ నుడుగఁ డని" అన్న పాఠం కూడా అచ్చులో ఉన్నది, నా దృష్టిలో అదే మేలైనది. 'మగుడ' అంటే తిరిగి, మరల. అడిగితే తిరిగి పలకడని, అంటే బదులు చెప్పడని, ఆమె బెంగ. 'అడిగిన'కు 'మగుడ' ఎంత చక్కగా జోడు కుదిరిందో చూడండి. 'మగడు' అనగానే ఆ జోడు చెదిరి, అందరికీ తెలిసిన చుట్టరికాన్ని మళ్లీ చెప్పినట్టు అవుతుంది. మాత్రల లెక్కకు రెండూ సరిపోతాయి కనుక ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

ఇక సాండర్స్ సంగతి. మా అబ్బాయి దగ్గర క్లీవ్‌లాండ్‌లో ఆరు నెలలు ఉండి ఈ ఆట కొంత చూశాను. సాండర్స్‌కు తగిన మాట 'మగుడ' తప్ప మరొకటి కాదు, ఎందుకంటే ఆయన ముందుకు పోవడానికి వెనక్కి మరలేవాడు. ఆ మరలడం ఫలించినప్పుడు 1997లో ఒకే ఏడు 2,053 గజాలు వచ్చాయి. ఫలించనప్పుడు 1994 డిసెంబరు 31న గ్రీన్ బేలో 13 సార్లు బంతితో పరుగెత్తి మొత్తం మీద ఒక గజం వెనక్కి పోయాడు. యార్డును గజమన్నందుకు ఎవరూ నొచ్చుకోవద్దు, గజేంద్రుడి సన్నిధిలో ఉన్నాము.

డాలస్ నుంచి:

మేటి అన్న మాటకు అర్థం వెనక్కి పోవడం ఎప్పటి నుంచి అయిందో మాస్టారు సెలవివ్వాలి. మా డాలస్ కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎమ్మిట్ స్మిత్ 15 సీజన్లలో 18,355 గజాలు పరుగెత్తాడు, పరుగుతోనే 164 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించడం) చేశాడు. ఆ రెండింటినీ ఈనాటికీ ఎవరూ దాటలేదు. మూడు సూపర్ బౌల్‌లు (లీగ్ తుది పోరులు) గెలిచిన జట్టుకు ఆయన వెన్నెముక. మీ కథానాయకుడు గెలిచిన ప్లేఆఫ్ ఆట (సీజన్ తరువాతి నాకౌట్ ఆట) ఒక్కటంటే ఒక్కటి.

ప్రశ్న అడిగినవారు:

ఆ ఒక్క ఆట ఎవరి మీద గెలిచారో కూడా రాయవలసింది. 1992 జనవరి 5న డెట్రాయిట్ శివారు పాంటియాక్‌లో లయన్స్ 38, డాలస్ 6.

కందాభిమాని:

అదే ఘట్టంలో దానికి ముందు వచ్చే పద్యాన్ని తలచుకుంటే డాలస్ వారి వాదం అక్కడే తేలిపోతుంది. "తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్" అంటాడు పోతన. స్వామి ఒంటరిగా ముందు పరుగెత్తుతుంటే పరివారమంతా వెనకాల వచ్చింది. ఎమ్మిట్ స్మిత్‌కు జరిగింది దీనికి తలకిందులు. లారీ ఆలెన్, నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్ వంటి కొండల్లాంటి లైన్‌మెన్, వారికి తోడు డారిల్ జాన్‌స్టన్ అనే ఫుల్‌బ్యాక్, అందరూ ముందు నడిచి దారి చేశారు, ఆయన వారి వెనక నడిచాడు. పరివారం ముందు నడిస్తే అది ఊరేగింపు అవుతుంది గానీ గజప్రాణావనోత్సాహం కాదు.

డాలస్ నుంచి:

పద్యం బాగున్నది, ఆటే తెలియడం లేదు. 1993లో జీతం విషయంలో ఒప్పందం కుదరక ఎమ్మిట్ మొదటి రెండు ఆటలకు రాలేదు. 1994లో వచ్చిన లారీ ఆలెన్ తప్ప మీరన్న పరివారమంతా అక్కడే ఉన్నది. రెండు ఆటలూ ఓడిపోయారు. ఆయన వచ్చిన తరువాత మిగిలిన పద్నాలుగింటిలో పన్నెండు గెలిచి, సూపర్ బౌల్ కూడా గెలిచారు. ఆ సీజన్ చివరి ఆటలో న్యూయార్క్ జెయింట్స్ మీద భుజం కీలు తప్పిన తరువాత కూడా మైదానం విడవకుండా పరుగు, పట్టు కలిపి 229 గజాలు సాధించాడు. ఊరేగింపులో ఎవరికీ భుజం తప్పదు.

షికాగో వాసి:

మగుడ, మగడు అని ఇద్దరూ తన్నుకుంటుంటే మధ్యలో మా షికాగో బేర్స్ రన్నింగ్ బ్యాక్ వాల్టర్ పేటన్ పేరే ఎవరూ ఎత్తకపోవడం వింతగా ఉన్నది. 13 సీజన్లలో ఆయన తప్పిన ఆట ఒకే ఒక్కటి, అదీ మొదటి ఏడు. 1977 నవంబరు 20న జ్వరంతో దిగి మిన్నెసోటా మీద 275 గజాలు పరుగెత్తాడు. ఒకే ఆటలో అంతకు మించిన పరుగు 2000 దాకా ఎవరికీ రాలేదు. అలవోకగా గీత దాటి బయటికి వెళ్లి దెబ్బ తప్పించుకునే అవకాశం ఉన్నా వెళ్లడు. ఎదురువచ్చేవాడికి తానే చేయి అడ్డుపెట్టి కొడతాడు. ఆయనకు పెట్టిన 'స్వీట్‌నెస్' అన్న ముద్దుపేరును మనం 'తియ్యదనం' అనాలో 'మాధుర్యం' అనాలో ఈ గుంపు ఏనాడైనా తేల్చిందా? నా మటుకు నాకు 'తీపి' అన్న చిన్న మాటే ఇష్టం. మాధుర్యం అనగానే సంగీత సభలో కూర్చున్నట్టు ఉంటుంది, ఆయన భుజం తగిలినవాళ్లకు వినిపించింది సంగీతం కాదు.

ఇక పోతన గారిని తెచ్చారు కాబట్టి, సాండర్స్‌కు మీరు ఎన్నుకున్న పద్యమే తప్పని మనవి. ఆయనకు సరిపోయేది "సిరికిం జెప్పఁడు". పేటన్ రికార్డు 16,726 గజాలు. సాండర్స్ 15,269 దగ్గర ఉన్నాడు. కావలసింది 1,457, అంతకు ముందటి ఏడు ఒక్కటే ఆయన చేసింది 1,491. అటువంటి స్థితిలో 1999 జూలైలో, జట్టు శిక్షణ శిబిరం మొదలయ్యే వేళకు, సొంత ఊరు విచిటా పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆటకు స్వస్తి పలికాడు. పరివారంబును జీరలేదు, ఎవరినీ పిలిచి చెప్పలేదు. ఇంతకన్న అచ్చమైన ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

తెనాలి మాస్టారు:

షికాగో వారు ఎత్తుకున్న పద్యం గొప్పదే గానీ అన్వయం కుదరలేదు. స్వామి చెప్పకుండా పరుగెత్తింది రక్షించడానికి; సాండర్స్ చెప్పకుండా వెళ్లింది ఆట విడిచిపెట్టడానికి. ఒకటి వెళ్లడం, మరొకటి వెళ్లిపోవడం.

అయినా మీరు రికార్డు మాట ఎత్తారు కనుక ఒక సంగతి చెప్పాలి. 1989లో, మొదటి ఏడే, చివరి ఆటలో మరికొన్ని గజాలు పరుగెత్తితే లీగ్‌లో మొదటి స్థానం దక్కుతుందని తెలిసి కూడా సాండర్స్ మళ్లీ మైదానంలోకి దిగనన్నాడు. ఆయన 1,470 దగ్గర ఆగాడు, కాన్సాస్ సిటీ ఆటగాడు క్రిస్టియన్ ఒకోయెకు 1,480. అడిగితే దక్కేది, అడగలేదు. "అడిగెద నని కడువడిఁ జను", ఆ తరువాత "నడ యుడుగున్". ప్రశ్న అడిగిన అమ్మాయి పద్యాన్ని సరిగ్గానే ఎంచుకున్నది.

క్లీవ్‌లాండ్ వీరాభిమాని:

ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి. మూడో పాదాన్నీ నాలుగో పాదాన్నీ ఎవరూ జాగ్రత్తగా చదవలేదు. 'వెడవెడ' అంటే కొద్దికొద్దిగా. 'జడిమ' అంటే జడత్వం, మొద్దుబారడం. సాండర్స్ నిలిచిన చోట జడత్వం ఎక్కడిది? కాళ్లు ఆగినా ఒళ్లంతా కదులుతూనే ఉంటుంది కదా. జడిమను ఒక విద్యగా వాడినవాడు ఒక్కడే, మా క్లీవ్‌లాండ్ ఆటగాడు జిమ్ బ్రౌన్. కిందపడిన ప్రతిసారీ ఎంతో నెమ్మదిగా లేచి, కాళ్లు ఈడ్చుకుంటూ తన వాళ్ల దగ్గరికి నడిచేవాడు. నిజంగా దెబ్బ తగిలిందో లేదో ఎదుటివారికి ఎన్నడూ తెలియకూడదని ఆయన పట్టుదల. మరుక్షణం బంతి అందగానే కడువడి! నడ యుడుగడం, కడువడిఁ జనడం ఇద్దరిలో ఎవరికి పద్యక్రమంలో సరిపోయాయో మీరే చూడండి.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నవి. 1957 నుంచి 1965 దాకా తొమ్మిది సీజన్లు, 118 ఆటలు, ఒక్కటీ తప్పలేదు. తొమ్మిదింట ఎనిమిది ఏళ్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పరుగెత్తినవాడు ఆయనే. 1962లో మాత్రం గ్రీన్ బే ఆటగాడు జిమ్ టేలర్‌కు ఆ స్థానం పోయింది. మొదటి నాలుగేళ్లు సీజన్‌కు 12 ఆటలే, ఆ తరువాత 14. ఎమ్మిట్ కాలానికి 16 అయ్యాయి. కాబట్టి 12,312ను 18,355 పక్కన పెట్టి పోల్చడం పొట్టి గజంతో కొలిచినదాన్ని పొడుగు గజంతో సరిచూడటమే. ఆటకు ఇంత అని కొలిస్తే బ్రౌన్ 104.3, సాండర్స్ 99.8, పేటన్ 88, ఎమ్మిట్ 81.2. బ్రౌన్ ముప్పై ఏళ్ల వయసులో, లండన్‌లో సినిమా షూటింగ్ నుంచే సెలవు చెప్పాడు. "సిరికిం జెప్పఁడు" పద్యం మీద కూడా మొదటి హక్కు మాదే.

డాలస్ నుంచి:

ఆటకు ఇంత అని కొలిస్తే త్వరగా మానేసినవాడే గెలుస్తాడు. ముదిమి వచ్చిన తరువాత కూడా ఆడినందుకు ఎమ్మిట్‌కు శిక్షా? 35వ ఏట అరిజోనాలో ఆడిన ఆటలు కూడా ఆ సగటులోనే ఉన్నాయి.

కందాభిమాని:

జడిమ చర్చ నాకు నచ్చింది, కానీ అంతకన్న ముఖ్యమైనది ఒకటి కనిపెట్టాను. నిన్న రాత్రి ఈ పద్యంలో డకారాలు లెక్కపెట్టాను. మొత్తం 23 వచ్చాయి. ప్రతి డకారమూ నేలమీద ఒక అడుగు చప్పుడని నా సిద్ధాంతం. మాస్టారి పాఠంలో లెక్కపెట్టినా 23, నా పాఠంలో లెక్కపెట్టినా 23. కనుక ఈ సాక్షి కూడా ఎటూ మొగ్గలేదు. అయితే బారీ సాండర్స్ చొక్కా సంఖ్య 20 కదా. 20వ డకారం సరిగ్గా 'జడిమ'లో పడింది.

డాలస్ నుంచి:

ఎమ్మిట్ సంఖ్య 22. 22వ డకారం 'అడుగిడు'లో పడింది, అదీ జడిమ తరువాత. చాలా ధన్యవాదాలు.

షికాగో వాసి:

పేటన్ సంఖ్య 34. మా వాడికి పద్యం చాలలేదు.

తెనాలి మాస్టారు:

పండితులు జాతకాల్లోకి దిగేలోపు రెండో సందేహానికి జవాబు చెబుతాను, దాన్ని అందరూ మరిచారు. ఈ మాటలోని 'బ్యాక్' క్రియకు విశేషణం కాదు, నిలిచే స్థానం. గీత మీద నిలిచేవారు లైన్‌మెన్, వారి వెనక నిలిచేవారు బ్యాక్‌లు. క్వార్టర్‌బ్యాక్, హాఫ్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్ అన్నీ ఆ వెనక నిలిచిన దూరాన్ని బట్టి పుట్టిన పేర్లే. జిమ్ బ్రౌన్‌ను ఆ రోజుల్లో ఫుల్‌బ్యాక్ అనే పిలిచేవారు. కాబట్టి 'వెనక్కి పరుగెత్తేవాడు' అని ఎవరైనా అనువదిస్తే, పైన చెప్పిన గ్రీన్ బే ఆట ఒక్కదానికే అది చెల్లుతుంది. 'పరుగరి' అనవచ్చును గానీ, అరి అంటే శత్రువు కూడా కదా, పరుగుకు శత్రువన్న అర్థం వస్తుందేమోనని నాకు జంకు. రన్నింగ్ బ్యాక్ అనే రాయండి. రైలును రైలనే అంటున్నాము.

క్లీవ్‌లాండ్ వీరాభిమాని:

'నేర్పరి'లో శత్రువు ఎక్కడున్నాడు మాస్టారూ? అది తెలుగు ప్రత్యయం. 'పరుగరి' నిర్దోషమైన మాట.

తెనాలి మాస్టారు:

'నేర్పరి' వాడుకలో నలిగిన మాట. 'పరుగరి' నిన్న పుట్టింది. నలగనివ్వండి, అప్పుడు చూద్దాం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. వ్యాసం ఈ ఉదయమే పంపించాను. రన్నింగ్ బ్యాక్ అనే రాశాను. మేటి సాండర్సేనని రాశాను గానీ, బ్రౌన్ నెమ్మదిగా లేవడం గురించి ఒక పేరా చేర్చకుండా ఉండలేకపోయాను. ఆ పేరా రాసిన తరువాత నా తీర్పు మునుపటి అంత గట్టిగా లేదు. పద్యాన్ని మాస్టారి పాఠంతో, 'మగుడ నుడుగఁడు' అని వేయమన్నాను. మా అమ్మకు ఫోనులో చదివి వినిపిస్తే 'మగడు నుడువడు' అని దిద్దింది.

కందాభిమాని:

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంతకీ మూడో పాదంలో 'చిడిముడి' అని వేశారా, 'సిడిముడి' అనా?