రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' (కణితిలో ఈస్ట్రోజన్‌ను పట్టుకునే గ్రాహకం ఉంది) అని ఉంటే కీమో మానేసి మాత్రతో సరిపెట్టవచ్చా?

గోదారిగట్టు:
అమ్మకు 62 ఏళ్లు. అండాశయ క్యాన్సర్, మూడో దశ. అండాశయాలు, గర్భసంచి తీసేశారు. బయాప్సీలో 'లో గ్రేడ్ సీరస్, ఈఆర్ 90 శాతం, పీఆర్ 40 శాతం' అని వచ్చింది. సీరస్ అన్నది అండాశయ క్యాన్సర్‌లో ఒక రకమట, లో గ్రేడ్ అంటే నెమ్మదిగా పెరిగేదట, పీఆర్ అంటే ప్రొజెస్టరాన్ గ్రాహకమట. ఒక డాక్టరు గారు ఆరు కీమోలు, ఆపైన లెట్రోజోల్ మాత్ర అన్నారు. ఇంకొకరు మాత్ర ఒక్కటే చాలన్నారు. అసలు అండాశయాలే లేనప్పుడు ఈస్ట్రోజన్ ఎక్కడిది, దాన్ని ఆపడానికి మాత్ర ఎందుకు?

ముక్కుసూటి:
రొమ్ము క్యాన్సర్‌లో పనిచేసిందని ఇక్కడికీ తెచ్చి అంటగడుతున్నారు. మా చిన్నమ్మకూ ఈఆర్ పాజిటివే. వ్యాధి తిరగబెట్టాక మాత్ర ఇచ్చారు. మూడు నెలలకే పొట్టలో నీరు చేరింది. నా మాట వినండి, కీమో మానవద్దు.

గాజుపలక:
పాథాలజీలో పనిచేస్తాను. మొదట ఈస్ట్రోజన్ సంగతి. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లను కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. లెట్రోజోల్ ఆపేది ఆ ఎంజైమునే.

ముక్కుసూటి గారూ, మీ చిన్నమ్మ గారిది లో గ్రేడా, హై గ్రేడా? హై గ్రేడ్ సీరస్‌లోనూ చాలామందికి ఈఆర్ పాజిటివే వస్తుంది. స్లైడు మీద రెండింటి కేంద్రకాలూ అదే డికాషన్ రంగులో కనిపిస్తాయి. ఆ రంగు చూసి గ్రాహకం ఉందని రాస్తాను. కణితి దాని మీదే ఆధారపడి బతుకుతోందని మాత్రం రాయలేను. హై గ్రేడ్‌లో దాదాపు ప్రతి కేసులోనూ పీ53 జన్యువు చెడి ఉంటుంది. కణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. ఈస్ట్రోజన్ ఒక్కటి ఆపితే లొంగే రకం కాదది. లో గ్రేడ్ నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే కీమోకూ అంతంతమాత్రంగానే లొంగుతుంది.

ముక్కుసూటి:
హై గ్రేడే. ఆ మాట ముందే రాయాల్సింది, తప్పు నాదే. మరి లో గ్రేడ్‌కు మాత్ర పనిచేస్తుందనడానికి ఆధారమేది?

నిదానం:
2017లో అమెరికాలోని ఎండీ యాండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు 203 మంది లో గ్రేడ్ సీరస్ రోగుల వివరాలు ప్రచురించారు. కీమో తర్వాత హార్మోన్ చికిత్స కొనసాగించిన వారిలో వ్యాధి మళ్లీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం 64.9 నెలలు. ఏమీ తీసుకోని వారిలో 26.4.

ముక్కుసూటి:
పాత కేసు షీట్లు తిరగేసి కట్టిన లెక్క అది. ఎవరికి మాత్ర ఇవ్వాలో చీటీ తీసి ఎంచలేదు. మొత్తం ఆయుష్షులో స్పష్టమైన తేడా రాలేదు కూడా. పైగా వారంతా కీమో అయినవారు! కీమో తర్వాత పనికొచ్చిందంటే, కీమో బదులు పనికొస్తుందని ఎలా అంటారు?

నిదానం:
ఈ మాటతో ఏకీభవిస్తాను. సరిగ్గా దాని కోసమే అమెరికాలో జీవై019 ట్రయల్ పెట్టారు: ఒక వర్గానికి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు, ఆపైన లెట్రోజోల్, రెండో వర్గానికి మొదటి నుంచీ లెట్రోజోలే. రెండో డాక్టరు గారు గాలిలో మాట చెప్పలేదన్నమాట. కానీ తేలిన విషయంలా చెప్పి ఉంటే అది తప్పే.

పెద్దక్కయ్య:
కీమో అయి నాలుగేళ్లు, లెట్రోజోల్ మీదే ఉన్నాను. 'మాత్రే కదా' అనేవారికి ఒక మాట. పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు. ఆవకాయ జాడీ మూత తీయాలంటే మనవడిని పిలవాలి. ఎముకల సాంద్రత పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. అయినా కీమో రోజులతో పోలిస్తే ఇదే నయం, అది వేరే సంగతి.

గాజుపలక:
గోదారిగట్టు గారూ, కీమోనా మాత్రా అన్నది తర్వాత. లో గ్రేడ్ అరుదు, పొరపాటు పడే అవకాశం ఉంది. స్లైడ్లు, కణితి ముక్కలు భద్రపరిచిన మైనపు దిమ్మెలు తీసుకుని ఇలాంటివి తరచూ చూసే పాథాలజిస్టుకు చూపించండి. పీ53 పరీక్ష చేయకపోయి ఉంటే చేయించండి. గ్రేడు మారితే పైన మనం వాదించుకున్నదంతా మీ అమ్మగారికి వర్తించదు.

గోదారిగట్టు:
దిమ్మెలు అడిగాను, సోమవారం ఇస్తామన్నారు. పీ53 ప్రస్తావన రిపోర్టులో ఎక్కడా లేదు. అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. పెద్దక్కయ్య గారికి జాడీ మూత కింద వేడినీళ్ల గుడ్డ చుట్టి తిప్పమని చెప్పమంది.