అప్‌డేట్: నాన్నగారి టెలోమియర్ రిపోర్టు, కాళ్ల తిమ్మిర్లు

మూడు నెలల కిందట అడిగాను. అమలాపురంలో మా నాన్నగారికి 64 ఏళ్లు. టెలోమియర్ (క్రోమోజోమ్‌ల చివరి భాగం) పొడవు చూసే టెస్టులో శరీర వయసు 78 అని వచ్చింది, వయసు ప్రభావం తగ్గిస్తాయని అమ్మే ఎన్‌ఎంఎన్ క్యాప్సూల్స్ వాడమంటారా అని. ఓపిక లేదు, అరికాళ్లలో తిమ్మిర్లు, కొబ్బరితోటలో బోదె దాటాలన్నా కర్ర కావాల్సి వచ్చేది.

"షుగరుకి మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా వాడుతున్నారు? ముందు బి12 చూపించండి" అన్నవారికి దండం. అదేనండి. పదకొండేళ్లుగా వాడుతున్నారు. కాకినాడలో డాక్టరుగారు రక్తపరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువ. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి12 సరిగా ఒంటబట్టదట. మాత్ర ఆపలేదు, బి12 ఇంజెక్షన్లు ఇచ్చారు. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఈ లోపమేంటని అమ్మ ఇప్పటికీ నమ్మదు!

టెలోమియర్ రిపోర్టుకీ దీనికీ సంబంధం లేదు. కణం విడిపోయినప్పుడల్లా క్రోమోజోమ్ చివర్లు అరుగుతాయన్నది నిజమే కానీ, ఒకే వయసువాళ్లలోనే ఆ పొడవు చాలా తేడాగా ఉంటుందట. ఎన్‌ఎంఎన్ కొనలేదు. అది ఒంట్లో ఎన్‌ఏడీగా (కణాల్లో శక్తి తయారీకి పనికొచ్చే పదార్థం) మారుతుందంతే, బి12 లోటు పూడ్చదు. విచిత్రమేంటంటే, ముసలితనాన్ని వాయిదా వేస్తుందేమోనని పరిశోధిస్తున్న మందుల్లో ఈ మెట్‌ఫార్మిన్ కూడా ఉంది.

ఎడమ కాలి వేళ్లలో తిమ్మిరి ఇంకా కాస్త ఉంది. నిన్న మాత్రం బోదె కర్ర లేకుండానే దాటారు.