బొలెరో పికప్‌కి ఎయిర్ ఫిల్టర్: కంపెనీదా, బయటిదా, కడిగి వాడుకునేదా?

బంగారుపాళ్యం_పికప్:
అన్నలకు నమస్కారం. నాది 2018 మోడల్ బొలెరో పికప్, బీఎస్‌4. మామిడి సీజన్లో తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతాను, మిగతా నెలల్లో క్రషర్ నుంచి కంకర, డస్టు, ఏ బాడుగ దొరికితే అది. ఈ మధ్య ఎక్స్‌ప్రెస్‌వే పని జరిగే మట్టిదారుల్లో ఎక్కువగా తిరగాల్సి వచ్చింది, టిప్పర్ వెనక పడితే దారే కనబడదు. ఇప్పుడు లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి ముందులా లాగడం లేదు, యాక్సిలరేటర్ తొక్కితే నల్ల పొగ వస్తోంది. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూసి ఫిల్టర్ అయిపోయింది, మార్చెయ్ అన్నాడు.

స్పేర్స్ షాపులో మూడు చూపించారు. ఒకటి కంపెనీ ప్యాకెట్. ఇంకోటి పేరు ఎప్పుడూ వినని రకం, కంపెనీదాని ధరలో మూడో వంతు. మూడోది ఎర్రటి కాటన్‌ది, కడిగి నూనె పూసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, పికప్ కూడా పెరుగుతుందన్నారు, రేటు మాత్రం బాగా ఎక్కువ. ఏది తీసుకోమంటారు? పంక్చర్ షాపులో గాలి కొట్టించి పాతదే ఇంకొన్నాళ్లు లాగొచ్చా? బాడుగ బండి, ఇంజన్ పనికి వస్తే ఇంట్లో గడవడమే కష్టం, అందుకే ఇంత అడుగుతున్నా.

పలమనేరు_రైతుబిడ్డ:
కంపెనీదే తీసుకో తమ్ముడూ. అది కుదరకపోతే బాష్, ప్యూరోలేటర్, ఎలోఫిక్ లాంటి తెలిసిన పేర్లు ఉన్నాయి, నీ మోడల్‌కి సరిపోయే నంబర్ ఉంటే వాటిలో ఏదైనా పర్వాలేదు. ఆ మూడో వంతు ధరది మాత్రం చేత్తో కూడా ముట్టుకోవద్దు. షాపుకి పోయేటప్పుడు ఆర్‌సీ జిరాక్స్, పాత ఫిల్టర్ రెండూ తీసుకెళ్లు, ఒకే పేరు బండికి బీఎస్‌4కి ఒకటి, బీఎస్‌6కి ఒకటి ఉండొచ్చు, చూపుకి ఒకేలా ఉంటాయి, లోపల కూర్చోవు. బిల్లు కూడా అడుగు. బిల్లు ఇవ్వనంటే అక్కడ కొనొద్దు, కంపెనీ ప్యాకెట్ లాంటి ప్యాకెట్లో డూప్లికేట్లు కూడా తిరుగుతుంటాయి.

ఆటోనగర్_మెకానిక్:
తిరుపతిలో డీజిల్ బండ్ల పని చేస్తాను, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదువు తమ్ముడూ.

నీది రెండున్నర లీటర్ల ఇంజన్. 2000 ఆర్‌పీఎం మీద పోతుంటే నిమిషానికి 2500 లీటర్ల గాలి పీలుస్తుంది, టర్బో తోసే గాలి ఇందులో లెక్కేయలేదు. ఆ గాలి అంతా ఫిల్టర్‌లోని ఆ ఒక్క కాగితం గుండానే పోవాలి. నువ్వు తిరిగేది క్రషర్ దగ్గర, అక్కడ ఎగిరేది గ్రానైట్ పొడి, అందులో క్వార్ట్జ్ ఉంటుంది, అది నీ ఇంజన్ లోపలి ఇనుము కన్నా గట్టిది. కంటికి కనబడని సైజులో లోపలికి పోయి ఆయిల్‌లో కలిసి పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య ఉప్పుకాగితంలా రాస్తుంది. రింగులు అరిగితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే బలం, పోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది. వాటికన్నా ముందు దెబ్బ తినేది టర్బో ఫ్యాన్, ఫిల్టర్ దాటిన దుమ్ము మొదట తగిలేది దానికే.

ఫిల్టర్లను ఐఎస్‌ఓ 5011 అనే పద్ధతిలో పరీక్ష చేస్తారు. తూకం వేసిన దుమ్మును లోపలికి పంపి ఎంత ఆగింది, ఎంత దాటింది అని చూస్తారు. 99.5 శాతం ఆపేది ఒకటి, 97 శాతం ఆపేది ఒకటి అనుకో. వినడానికి పెద్ద తేడా లేదు. కానీ 100 గ్రాముల దుమ్ములో మొదటిది అర గ్రాము వదిలితే రెండోది 3 గ్రాములు వదులుతుంది, ఆరు రెట్లు ఎక్కువ. బండి తేడా తెలియనివ్వదు, బాగానే లాగుతుంది, ఇంజన్ విప్పిన రోజే బయటపడుతుంది.

షాపులో చేతికి తీసుకున్నప్పుడు మొదట అంచు రబ్బరు చూడు. మెత్తగా, చుట్టూ ఒకే మందంలో ఉండాలి, నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. చౌకవాటిలో రబ్బరు బిర్రుగా ఉంటుంది, డబ్బాలో బిగించినా ఏదో ఒక మూల సందు మిగులుతుంది, ఆ సందు ఉంటే ఎంత మంచి కాగితం ఉన్నా దండగే. తర్వాత మడతలు చూడు, ఎడం అంతా ఒకేలా ఉండాలి, వంగినవీ అతుక్కున్నవీ ఉండకూడదు. కాగితం అంచుకి అతికిన చోట జిగురు ఖాళీలు లేకుండా ఉండాలి. పాతదాని పక్కన పెట్టి ఎత్తు, వెడల్పు, మడతల లోతు సరిచూసుకో, మడతలు తక్కువున్నది త్వరగా మూసుకుపోతుంది.

గాలి కొట్టించే విషయం. పంక్చర్ షాపు కంప్రెసర్ ప్రెషర్ కాగితానికి చాలా ఎక్కువ, సన్న చిల్లులు పడతాయి, కంటికి కనబడవు. ఇంజన్ మీద తట్టి తట్టి దులిపేవాళ్లను కూడా చూస్తుంటాను, అంచు వంగిపోతుంది, మళ్లీ సరిగా కూర్చోదు. మరీ తప్పదంటే ప్రెషర్ బాగా తగ్గించి, పైపు దూరంగా పట్టుకుని, శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు కొట్టాలి. తర్వాత చీకట్లో సెల్ లైటు వెనక పెట్టి చూడు, ఎక్కడైనా చుక్కలా వెలుతురు దూరితే అది పనికిరాదు. నీళ్లతో మాత్రం కాగితం ఫిల్టర్ ఎప్పుడూ కడగొద్దు. ఊరికే వారానికోసారి తెరవడం కూడా మంచిది కాదు, కొంచెం దుమ్ము పట్టిన కాగితం కొత్తదానికన్నా బాగానే వడగడుతుంది, తెరిచిన ప్రతిసారీ అంచు కదిలి దుమ్ము లోపలివైపు రాలే ప్రమాదం ఉంది. అలాగని మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగొద్దు, అది మామూలు రోడ్లకు, దుమ్ములో తిరిగితే ముందే మార్చమని అదే మాన్యువల్‌లో ఉంటుంది.

రేణిగుంట_కారు:
కాటన్‌దాన్ని అంత తీసిపారేయొద్దు అన్నా. నా పెట్రోల్ కారుకి చాలా రోజులుగా వాడుతున్నా, చెన్నై హైవే తిరుగుడే ఎక్కువ, ఒక్క సమస్య లేదు, ఇంజన్ కూడా ఫ్రీగా తిరుగుతున్నట్టు ఉంటుంది. ఒకసారి కొంటే మళ్లీ కొనే పని లేదు కదా.

ఆటోనగర్_మెకానిక్:
హైవే కారుకి సరే, నేను కాదనను. కానీ గాలి తేలిగ్గా పోవాలని చేసిన ఫిల్టర్‌లో సన్న దుమ్ము కూడా కొంచెం తేలిగ్గానే పోతుంది, క్రషర్ దగ్గర తిరిగే బండికి అది పనికిరాదు. ఇంకో సంగతి, కడిగాక నూనె సరిగ్గా పూయాలి. తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే గాలి కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఆ నూనె సెన్సర్ మీద చేరి రీడింగ్ తప్పిస్తుంది. పైగా కడిగి పూర్తిగా ఆరేదాకా బండి ఆపాలి, బాడుగ బండికి అది కుదిరే పని కాదు. పికప్ పెరుగుతుందంటే, మూసుకుపోయిన ఫిల్టర్ తీసి ఏ కొత్తది పెట్టినా పెరుగుతుంది తమ్ముడూ.

పలమనేరు_రైతుబిడ్డ:
ఇంకోటి గుర్తొచ్చింది. కార్తీక మాసం వానల్లో మనవైపు వంకలు పొంగినప్పుడు బండి నీళ్లలో దిగితే బయటికి రాగానే డబ్బా తెరిచి చూడండి. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు చూశాం కదా నీళ్లు ఎలా వస్తాయో. కాగితం తడిస్తే ఆరబెట్టి వాడొద్దు, ఉబ్బి చిరుగుతుంది, కొత్తది పెట్టాల్సిందే. డబ్బాలోకి నీళ్లు పోయాయని అనుమానం ఉంటే అసలు స్టార్ట్ చేయొద్దు, సిలిండర్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బంగారుపాళ్యం_పికప్:
అందరికీ చాలా థాంక్స్ అన్నా. కంపెనీదే తెచ్చాను, బిల్లు కూడా ఉంది. పాతది తీసినప్పుడు చూస్తే డబ్బాలో ఫిల్టర్ దాటాక ఉన్న వైపు కూడా సన్నగా పొడి ఉంది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ బూడిద రంగుకి వచ్చింది. డబ్బా నుంచి టర్బోకి పోయే రబ్బరు హోస్ మీద క్లాంపు దగ్గర చిన్న చీలిక కూడా కనబడింది. మెకానిక్ దానికి టేపు చుట్టి పంపిస్తానంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఇంజన్‌కి ఏమైనా అయ్యుంటుందా?

ఆటోనగర్_మెకానిక్:
టేపు వద్దే వద్దు. వేడికి జిగురు కరుగుతుంది, టర్బో లాగే లాగుడుకి ఆ ముక్క ఊడి లోపలికి పోతే ఇంకా పెద్ద నష్టం. హోస్, రెండు క్లాంపులు కొత్తవి వెయ్యి. ఆ పని అయ్యేదాకా క్రషర్ బాడుగ ఒప్పుకోకు.

కొత్త ఫిల్టర్ పెట్టేముందు డబ్బా లోపల తడిగుడ్డతో తుడువు, గాలి కొట్టొద్దు, కొడితే పొడి అంతా టర్బో వైపే పోతుంది. డబ్బా అడుగున దుమ్ము రాలే రబ్బరు మూతి ఉంటే వేళ్లతో నొక్కి దులుపు, అది చిరిగి ఉంటే మార్చు. హోస్ విప్పినప్పుడే ఇంజన్ ఆపి, చల్లారాక, టర్బో ఫ్యాన్‌ని వేలితో పట్టుకుని చూడు. పక్కలకి అతి కొంచెం ఆడితే పర్వాలేదు, ముందుకీ వెనక్కీ కదిలినట్టు తెలిస్తే, రెక్కల అంచులు అరిగి ఉంటే, టర్బో పని తెలిసినవాళ్లకు చూపించాలి. ఇంజన్ ఆయిల్ కూడా ఇప్పుడే మార్చెయ్, డ్యూ కాకపోయినా సరే, లోపలికి పోయిన దుమ్ము ఆ ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది, ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి మార్చు. ఆ తర్వాత డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం రోజూ పొద్దున చూస్తూ ఉండు. తగ్గకపోతే, ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గట్టిగా తన్నకపోతే, రింగులకు ఇంకా ఏమీ కాలేదనే అనుకోవచ్చు. హోస్ వేశాక ఘాట్ ఎక్కి ఎలా లాగుతోందో ఇక్కడే రాయి.