పీ అండ్ ఐడీలో ‘పీ’ అంటే ప్రాసెసా, పైపింగా?

గోదారి_డ్రాఫ్టర్:
మా టీమ్‌లో కొన్నాళ్లుగా ఇదే గొడవ. పీ అండ్ ఐడీని (ప్లాంటులో పైపులు, వాల్వులు, కొలత పరికరాలు ఒకదానికొకటి ఎలా కలుస్తాయో చూపే షీటు) మా లీడ్ ‘ప్రాసెస్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్’ అని రాయమంటారు, చెకర్ గారేమో దాన్ని కొట్టేసి ‘పైపింగ్’ అని దిద్దుతారు. పైగా చివర డయాగ్రమ్ అనాలా, డ్రాయింగ్ అనాలా? సీనియర్లు కాస్త చెప్పండి.

ప్రాసెస్_విశాఖ:
ప్రాసెసే తమ్ముడూ. ఆ షీటు పుట్టేదే ప్రాసెస్ డిపార్ట్‌మెంట్‌లో. పైపింగ్ వాళ్ల చేతికి వచ్చేసరికి లైన్ సైజులు, కంట్రోల్ లూపులు, సేఫ్టీ వాల్వులు దాదాపు ఖరారై ఉంటాయి. నేను చూసిన పాత టైటిల్ బ్లాకుల్లోనూ (షీటు పేరు, నంబరు రాసే గడులు) ప్రాసెస్ అనే ఉండేది.

ఐసో_చెకర్:
ఎవరు గీశారని కాదండీ, అందులో ఏముందో చూడాలి. ప్రాసెస్ సంగతి చెప్పడానికి పీఎఫ్‌డీ (ప్రాసెస్ ఫ్లో డయాగ్రమ్) ఉండనే ఉంది. ప్రధాన ప్రవాహాలు, హీట్ అండ్ మాస్ బ్యాలెన్స్ (వేడి, పదార్థాల జమాఖర్చు లెక్క) అక్కడే. పీ అండ్ ఐడీలోనైతే ప్రతి పైపుకీ లైన్ నంబరు, సైజు, పైపింగ్ క్లాసు (ఏ మెటీరియల్, ఎంత ప్రెషర్‌కో చెప్పే కోడు), పంపు సక్షన్ దగ్గర ఎక్సెంట్రిక్ రెడ్యూసరు (పైపు సైజు తగ్గించే ముక్క), ముప్పావు అంగుళం డ్రెయిన్ వాల్వుతో సహా కనిపిస్తాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10628 ఈ రెంటినీ విడదీసి, రెండోదాన్ని ‘పైపింగ్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డయాగ్రమ్’ అంటుంది. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా 1910.119 నిబంధనలోనూ పైపింగ్ అనే ఉంది.

డయాగ్రమ్ అన్న మాట దగ్గర మాత్రం నేను అస్సలు తగ్గను. దానికి స్కేలు ఉండదు. షీటు మీద పక్కపక్కనే ఉన్న రెండు వాల్వులు సైట్‌లో 40 మీటర్ల దూరంలో, వేరే ఫ్లోర్‌లో ఉండొచ్చు. డ్రాయింగ్ అంటే కొత్తవాళ్లు దాని మీద దూరాలు లెక్కేసుకుంటారు.

ఫ్యాబ్_షాప్:
ఐసోమెట్రిక్ (పైపు లైనును త్రీడీలా చూపే షీటు) కూడా స్కేలుకు గీయరు కదన్నా? దాన్ని మేమంతా డ్రాయింగ్ అనే అంటున్నాం.

ఐసో_చెకర్:
గీయరు, కానీ కొలతలు మిల్లీమీటర్లలో రాసి ఉంటాయి. నార్త్ బాణం, ఎలివేషన్లు, వెల్డ్ జాయింట్లు, మెటీరియల్ లిస్టు అన్నీ ఉంటాయి. అది చూసి మీరు షాపులో పైపు కోసి స్పూల్ (ముందే వెల్డు చేసిన పైపు భాగం) కట్టేస్తారు. పీ అండ్ ఐడీ చూసి ఒక్క ముక్క కోయగలరా?

ప్రాసెస్_విశాఖ:
డయాగ్రమ్ వరకు ఒప్పుకుంటాను. ‘పీ’ విషయంలో క్లయింట్ స్పెసిఫికేషన్‌లో ఏముంటే అదే రాయండి. లెజెండ్ షీటులో (గుర్తుల అర్థాలు ఇచ్చే షీటు) ఒకటి, టైటిల్ బ్లాకులో ఇంకోటి ఉంటే డాక్యుమెంట్ కంట్రోల్ వాళ్లు తిప్పి పంపిస్తారు.

ఐసో_చెకర్:
సరే. క్లయింట్ ఏమీ చెప్పకపోతే మాత్రం పైపింగే.