‘ద బ్లాక్ క్యాట్’ సైతాను పూజలో లాటిన్: కాదెరె ముందా, కేదెరె ముందా?

పాతరీలు: 1934 నాటి ‘ద బ్లాక్ క్యాట్’ సినిమాలో అమావాస్య రాత్రి బోరిస్ కార్లోఫ్ సైతాను పూజ చేస్తూ లాటిన్ చదువుతాడు కదా. అందులో ‘ఫోర్టిస్... నోన్ పోటెస్ట్’ అన్న ముక్క బుర్రలోంచి పోవట్లేదు. మధ్యలో ముందొచ్చేది కాదెరెనా, కేదెరెనా?

గోదారిగట్టు: కాదెరే ముందండీ. ‘ఫోర్టిస్ కాదెరె, కేదెరె నోన్ పోటెస్ట్’. ధీరుడు పడితే పడతాడు గానీ లొంగడు. తిరగేస్తే లొంగుతాడు గానీ పడడని వస్తుంది, అదేం ధీరత్వం? ఆ మంత్రంలో ఇలాంటి సామెతలే ఉన్నాయి. తోడేలు బొచ్చు మార్చినా బుద్ధి మార్చదన్నది ఒకటి, ‘కుమ్ గ్రానో సాలిస్’, అంటే చిటికెడు ఉప్పుతో (దేన్నీ గుడ్డిగా నమ్మకుండా), ఇంకొకటి. ఇంత మామూలు మాటలతో భయపెట్టాడంటే అదంతా కార్లోఫ్ గొంతు మహిమే.

తాళపత్రం: వరుస సరే, ఆ ‘కే’ సంగతేంటి? బ్లాక్ మాస్ అంటేనే చర్చి పూజను తలకిందులు చేయడం. అలాంటప్పుడు చర్చి లాటిన్‌లోలా ‘చేదెరె’ అనాలి. ‘కే’ అన్నది ప్రాచీన రోము ఉచ్చారణ.

పాతరీలు: కార్లోఫ్ వేసిన పోల్జిగ్ పాత్ర ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మాస్టారూ. జర్మన్ బళ్లలో నేర్పే పాత పద్ధతిలో అది ‘త్సేదెరె’. డైరెక్టర్ ఉల్మర్ పుట్టింది కూడా అప్పటి ఆస్ట్రియా-హంగరీలోనే, ఆ పేరేమో హాన్స్ పోల్జిగ్ అనే అసలు ఆర్కిటెక్ట్‌ది. నా ఓటు ‘త్సే’కే.

సీసమాలిక: అదే మంత్రంలో రోమన్ కవి హొరేస్ పాదం ఉంది, ‘ఏక్వమ్ మెమెంతో’, దాన్నెవరూ ఎత్తలేదేం? కష్టాల్లో మనసు నిబ్బరంగా ఉంచుకోమని. దాని తర్వాతి పాదాల్లో మంచిరోజుల్లో పొంగిపోవద్దనీ అంటాడు. మన ఏనుగు లక్ష్మణకవి ‘ఆపదలందు ధైర్యగుణ మంచితసంపదలందు దాల్మియున్’ అన్నదీ అదే కదా. ఆ ఎత్తుగడ ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు నాకు.

గోదారిగట్టు: పద్యం గొప్పదే, కాదనను. కానీ దాల్మి అంటే ఓర్పు, భర్తృహరి మూలంలో ‘అభ్యుదయే క్షమా’. హొరేస్ చెప్పేది సమబుద్ధి. దానికి గీతలో ‘సుఖదుఃఖే సమే కృత్వా’ ఇంకా దగ్గర.

సీసమాలిక: ఉత్త ఓర్పు అంటే ఎలాగండీ? సంపద వచ్చినవాడు ఓర్చుకోవాల్సిన కష్టమేముంది? ఆ పొంగును అణచుకోవడమే తాల్మి. సరళాదేశంలో త పోయి ద వచ్చింది గానీ, అర్థం ఎక్కడికీ పోలేదు.